అబ్బాసీ సామ్రాజ్యం: ఎలా లేచింది, ఎలా ఏలింది, ఎలా కూలింది

అబ్బాసీ ఖిలాఫత్ క్రీ.శ. 750 నుంచి 1258 వరకు, అంటే హిజ్రీ 132 నుంచి 656 వరకు నిలిచింది. ఈ 508 ఏళ్లలో 37 మంది ఖలీఫాలు వచ్చారు. మంచి రోజుల్లో వాళ్ల మాట ఇప్పటి ట్యునీషియా నుంచి మధ్య ఆసియా వరకు, సింధ్ వరకు చెల్లింది.

అబ్బాసీలు అనగానే చాలామందికి రెండు సంగతులు గుర్తొస్తాయి. ఒకటి హారూన్ అల్ రషీద్ కాలపు బాగ్దాద్ వైభవం. రెండోది 1258లో మంగోల్ సేనాని హులాగూ ఆ నగరాన్ని నాశనం చేయడం. వైభవాన్ని హులాగూ ఒక్క దెబ్బతో తుడిచేశాడని స్కూలు పుస్తకాల్లోనూ, ఇళ్లలో పెద్దలు చెప్పే మాటల్లోనూ వినిపిస్తుంది. నిజానికి ఈ రెండింటి మధ్య 450 ఏళ్ల దూరం ఉంది. హులాగూ రావడానికి 300 ఏళ్లకు పైగా ముందే, 936లో, ఖలీఫా చేతిలోంచి ఖజానా తాళం జారిపోయింది. సామ్రాజ్యం ఎందుకు లేచిందో, ఎందుకు కూలిందో తెలియాలంటే యుద్ధాలతోపాటు రైతు కట్టిన శిస్తు, సైనికుడికి అందిన జీతం, కాలువల్లో పారిన నీళ్లు కూడా చూడాలి.

ఉమయ్యాలపై అసంతృప్తి

అబ్బాసీలకు ముందు 661 నుంచి 750 వరకు ఉమయ్యాలు డమాస్కస్ రాజధానిగా ఏలారు. అబ్దుల్ మలిక్ (685-705) కాలంలో లెక్కల దఫ్తర్లు గ్రీకు, పహ్లవీ భాషల నుంచి అరబీలోకి మారాయి. బొమ్మలు లేని, అరబీ అక్షరాలున్న బంగారు దీనార్లు అచ్చయ్యాయి. ఆయన కొడుకు వలీద్ కాలంలో, 711-712 ప్రాంతంలో, ఒక సైన్యం స్పెయిన్‌లోకీ, ముహమ్మద్ బిన్ ఖాసిం నాయకత్వంలో మరో సైన్యం సింధ్‌లోకీ వెళ్లాయి.

రాజ్యం పెరిగేకొద్దీ ఒక చిక్కు ముదిరింది. ఇరాన్, ఖురాసాన్ ప్రాంతాల్లో ఎంతోమంది ఇస్లాం స్వీకరించారు. వీళ్లను ‘మవాలీలు’ అనేవారు. ముస్లిమైతే జిజ్యా కట్టక్కర్లేదు. కానీ రాబడి తగ్గుతుందన్న భయంతో చాలాచోట్ల అధికారులు కొత్త ముస్లింల దగ్గర కూడా జిజ్యా వసూలు చేశారు. సైన్యంలో కూడా అరబ్బులతో సమానంగా జీతం దొరికేది కాదు. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (717-720) ఈ అన్యాయాన్ని ఆపమని ఆదేశించారు. ఆయన పాలన మూడేళ్లు కూడా సాగలేదు. ఆయన తర్వాత పాత పద్ధతే మళ్లీ వచ్చింది.

దీనికితోడు అరబ్ తెగల మధ్య కొట్లాటలు, ప్రవక్త (స) కుటుంబానికి దక్కాల్సిన అధికారాన్ని ఉమయ్యాలు లాక్కున్నారన్న కోపం కూడా ఉన్నాయి. ఈ మూడు అసంతృప్తులనూ కలిపి వాడుకున్నది అబ్బాసీ కుటుంబం.

ఖురాసాన్‌లో నల్ల జెండాలు

అబ్బాసీలు ప్రవక్త (స) గారి బాబాయి అబ్బాస్ బిన్ అబ్దుల్ ముత్తలిబ్ వంశస్థులు. వాళ్ల మనుషులు ఏళ్ల తరబడి ఖురాసాన్‌లో రహస్యంగా ప్రచారం చేశారు. కాబోయే ఖలీఫా పేరు మాత్రం బయటపెట్టలేదు. ‘ప్రవక్త కుటుంబంలో అందరూ ఒప్పుకునే వ్యక్తి’ అని మాత్రమే చెప్పేవారు. హజ్రత్ అలీ (రజి) వంశాన్ని అభిమానించేవాళ్లు అది తమవాళ్లే అనుకుని మద్దతు ఇచ్చారు.

747లో మర్వ్ నగరం దగ్గర అబూ ముస్లిం నల్ల జెండాలు ఎగరేసి తిరుగుబాటు మొదలుపెట్టాడు. ఖురాసాన్‌లో స్థిరపడ్డ అరబ్బులు, స్థానిక మవాలీలు ఇద్దరూ ఆ సైన్యంలో ఉన్నారు. 749లో కూఫాలో అబుల్ అబ్బాస్ సఫ్ఫాహ్‌ను ఖలీఫాగా ప్రకటించారు. 750 మొదట్లో ఉత్తర ఇరాక్‌లోని జాబ్ నది ఒడ్డున చివరి ఉమయ్యా ఖలీఫా రెండో మర్వాన్ ఓడిపోయాడు. అదే ఏడాది ఈజిప్టులో అతన్ని చంపేశారు. ఉమయ్యా కుటుంబంలో దొరికినవాళ్లను దొరికినట్టు హతమార్చారు. తప్పించుకున్న అబ్దుర్రహ్మాన్ అనే యువకుడు స్పెయిన్ చేరి, 756లో కొర్దోవాలో వేరే రాజ్యం పెట్టుకున్నాడు. అంటే మొదటి రోజుల నుంచే స్పెయిన్ అబ్బాసీల చేతికి రాలేదు.

గెలిచాక లెక్కలు మారాయి. రెండో ఖలీఫా మన్సూర్ (754-775) తమకు రాజ్యం సంపాదించి పెట్టిన అబూ ముస్లింనే 755లో చంపించాడు. అతనికున్న జనాదరణ తనకు ముప్పని భయపడ్డాడు. హజ్రత్ అలీ (రజి) వంశంవాళ్లకూ నిరాశే మిగిలింది. 762లో మదీనాలో ఆ వంశానికి చెందిన ముహమ్మద్ నఫ్సే జకియ్యా తిరగబడితే, మన్సూర్ సైన్యం అణచివేసింది.

బాగ్దాద్ అక్కడే ఎందుకు?

762లో మన్సూర్ టైగ్రిస్ ఒడ్డున కొత్త రాజధానికి పునాది వేశాడు. అధికారికంగా దాని పేరు ‘మదీనతుస్సలాం’, అంటే శాంతి నగరం. జనం నోట మాత్రం అక్కడున్న పాత ఊరి పేరు బాగ్దాద్ నిలిచిపోయింది. గుండ్రటి గోడ, నాలుగు ద్వారాలు, నడుమ ఖలీఫా భవనం, మసీదు ఉండేవి. ద్వారాలకు కూఫా, బస్రా, ఖురాసాన్, షామ్ అని పేర్లు. ఆ దారి ఎటు వెళ్తే ఆ పేరు.

చోటు ఎంపికలో అసలు తెలివి నీళ్లది. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు అక్కడ బాగా దగ్గరికి వస్తాయి. రెండింటినీ కలుపుతూ కాలువలు ఉన్నాయి. ఉత్తరం నుంచి ధాన్యం, బస్రా రేవు నుంచి భారత్, చైనా సరుకులు పడవల మీద నేరుగా నగరానికి చేరేవి. చుట్టూ ఉన్న దక్షిణ ఇరాక్ మైదానాన్ని ‘సవాద్’ అనేవారు. సవాద్ అంటే నలుపు. ఎడారి నుంచి వచ్చేవాళ్ల కంటికి దట్టమైన పచ్చదనం దూరం నుంచి నల్లగా కనిపించేదట. గోధుమ, బార్లీ, ఖర్జూరం అక్కడ విస్తారంగా పండేవి. ప్రభుత్వానికి వచ్చే రాబడిలో పెద్ద వాటా ఈ మైదానానిదే.

మన్సూర్‌కు జనం పెట్టిన పేరు ‘అబుద్దవానీఖ్’. దానిఖ్ అంటే దిర్హంలో ఆరో వంతు నాణెం. ‘చిల్లర కాసుల తండ్రి’ అని ఎగతాళి చేశారన్నమాట. కూలివాడి లెక్క దగ్గర్నుంచి తనే చూసుకునేవాడు. ఆయన పోయేనాటికి ఖజానా నిండుగా ఉంది. కొడుకు మహ్దీ, మనవడు హారూన్ చేతికి ఎముక లేకుండా ఖర్చు పెట్టగలిగారంటే ఆ పొదుపే కారణం.

దివాన్లు నడిపిన పాలన

ప్రభుత్వ పని శాఖలుగా సాగేది. ఒక్కో శాఖను ‘దివాన్’ అనేవారు. ఈ పద్ధతికి మొదలు రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కాలంలోనే ఉంది. సైనికుల పేర్లు, వాళ్లకిచ్చే భత్యం రాసిపెట్టడానికి ఆయన దివాన్ ఏర్పాటు చేశారు. అబ్బాసీలు దాన్ని పెద్ద యంత్రాంగంగా మార్చారు.

దివాన్ అల్ ఖరాజ్ భూమి శిస్తు చూసేది. దివాన్ అల్ జుంద్ సైన్యం జీతాలు చూసేది. ఉత్తరాలు రాసే శాఖ వేరు. దివాన్ అల్ బరీద్ అంటే తపాలా శాఖ. గుర్రాలు మార్చుకుంటూ వార్తలు చేరవేయడమే కాదు, ఆ ఊళ్లో గవర్నర్ ఏం చేస్తున్నాడో, ధాన్యం ధర ఎంతుందో కూడా బరీద్ అధికారి ఖలీఫాకు రాసేవాడు. ఈ శాఖలన్నిటిపైన వజీర్ ఉండేవాడు. న్యాయం ఖాజీల చేతిలో ఉండేది. హారూన్ కాలంలో ఖాజీలందరిపైన ‘ఖాజీ అల్ ఖుజాత్’ అనే పదవి వచ్చింది. దాన్ని మొదట చేపట్టింది ఇమాం అబూ హనీఫా శిష్యుడు అబూ యూసుఫ్.

751లో మధ్య ఆసియాలోని తలాస్ దగ్గర అబ్బాసీ సైన్యం చైనా సైన్యాన్ని ఓడించింది. అక్కడ పట్టుబడ్డ చైనీయుల ద్వారానే కాగితం తయారీ సమర్కంద్‌కు చేరిందని పాత గ్రంథాలు చెబుతాయి. 8వ శతాబ్దం చివరికి బాగ్దాద్‌లోనే కాగితం తయారవుతోంది. తోలు మీద రాసిన అంకెను గీకి మార్చడం తేలిక. కాగితం మీద గీకితే తెలిసిపోతుంది. అందుకే బర్మకీ వజీర్ల కాలంలో దివాన్లు కాగితానికి మారాయి. చౌకగా దొరికిన ఆ కాగితమే తర్వాత పుస్తకాల బజారును నింపింది.

రైతు, శిస్తు, పంచాంగం

ఇరాక్ గెలిచినప్పుడు ఆ భూములను సైనికులకు పంచాలని కొందరు అడిగారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒప్పుకోలేదు. భూమి సాగు చేసేవాళ్ల దగ్గరే ఉంచి, వాళ్ల నుంచి ‘ఖరాజ్’ తీసుకోవాలని, ఆ రాబడి రాబోయే తరాలకూ అందాలని నిర్ణయించారు. సవాద్ భూములను కొలిపించారు. ఆ తర్వాత ఎంతోకాలం సైన్యానికి జీతాలు వచ్చింది ఈ ఖరాజ్ నుంచే.

శిస్తు వేయడానికి రెండు పద్ధతులు ఉండేవి. ఒకటి, కొలిచిన భూమికి ఇంత అని ఖాయంగా కట్టించుకోవడం. రెండోది, పండిన పంటలో వాటా తీసుకోవడం. మొదటి పద్ధతిలో వాన లేకున్నా, తెగులు వచ్చినా రైతు అంతే కట్టాలి. ఖలీఫా మహ్దీ కాలంలో సవాద్‌లో వాటా పద్ధతి వచ్చింది. హారూన్ అడిగితే అబూ యూసుఫ్ రాసిచ్చిన ‘కితాబుల్ ఖరాజ్’ కూడా వాటానే సమర్థించింది. శిస్తు వసూలును గుత్తకు ఇవ్వొద్దని ఆయన గట్టిగా చెప్పారు. గుత్తేదారు తను కట్టింది రాబట్టుకోవడానికి రైతును పిండేస్తాడు, భూమి పాడవుతుంది, చివరికి నష్టపోయేది ఖజానానే అన్నది ఆయన వాదన. బాకీ కోసం రైతులను కొట్టడం, ఎండలో నిలబెట్టడం కూడదని రాశారు. అలా రాయాల్సి వచ్చిందంటే అవి జరుగుతున్నాయనే అర్థం.

ఇంకో చిక్కు పంచాంగంతో వచ్చింది. హిజ్రీ ఏడాది చంద్రుణ్ని బట్టి నడుస్తుంది, సౌర ఏడాది కన్నా దాదాపు 11 రోజులు తక్కువ. పంటలు మాత్రం సూర్యుణ్ని బట్టి పండుతాయి. అందుకని శిస్తుకు పాత పర్షియన్ సౌర పంచాంగంలోని నౌరోజ్‌ను లెక్క పెట్టుకునేవారు. అదనపు రోజులు సరిగ్గా కలపకపోవడంతో నౌరోజ్ ముందుకు జరిగింది. పంట ఇంకా పచ్చిగా ఉండగానే శిస్తు అడిగేవారు. రైతు అప్పు చేసి కట్టేవాడు. దీన్ని సరిచేయాలని ముతవక్కిల్ తలపెట్టినా అమలు కాలేదు. చివరికి ముఅతజిద్ (892-902) ఆ తేదీని జూన్ 11కు మార్చాడు. ఖలీఫాల యుద్ధాల పక్కన ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది కానీ, లక్షల మంది రైతులకు ఏడాదిలో ఊపిరి పీల్చుకునే గడువు దొరికింది.

హారూన్, బర్మకీలు, అన్నదమ్ముల యుద్ధం

హారూన్ అల్ రషీద్ (786-809) పాలనలో మొదటి 17 ఏళ్లు పగ్గాలు బర్మకీ కుటుంబం చేతిలో ఉన్నాయి. వాళ్ల పూర్వీకులు బల్ఖ్‌లోని నవబహార్ అనే బౌద్ధ విహారానికి పెద్దలు. ‘నవ విహార’ అన్న సంస్కృత మాటే నవబహార్ అయింది. యహ్యా బర్మకీ, ఆయన కొడుకులు ఫజల్, జాఫర్ రాజ్యాన్ని సమర్థంగా నడిపారు. 803లో హారూన్ ఒక్కసారిగా జాఫర్‌ను చంపించి, మిగతావాళ్లను జైల్లో వేసి, ఆస్తులు జప్తు చేశాడు. కారణం ఏమిటన్నదానిపై చరిత్రకారులు ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు.

హారూన్ భార్య జుబైదా పేరు హాజీలకు బాగా తెలుసు. కూఫా నుంచి మక్కా దాకా దారి పొడవునా ఆమె బావులు, నీటి తొట్లు కట్టించారు. మక్కాకు నీళ్లు తెచ్చిన కాలువ ఆమె పేరుతోనే నిలిచింది.

హారూన్ చేసిన పెద్ద పొరపాటు వారసత్వంలో ఉంది. తన తర్వాత అమీన్, అతని తర్వాత మామూన్ అని నిర్ణయించాడు. మామూన్‌కు ఖురాసాన్ ప్రాంతాన్ని దాదాపు స్వతంత్రంగా అప్పగించాడు. 802లో హజ్ సమయంలో ఇద్దరితో ఒప్పందం రాయించి కాబాలో వేలాడదీయించాడు. ఆయన పోయిన రెండేళ్లకే అన్నదమ్ములు కత్తులు దూశారు. ఏడాదికి పైగా బాగ్దాద్ ముట్టడిలో చిక్కుకుంది. 813లో అమీన్ హతమయ్యాడు. గుండ్రటి నగరం బాగా దెబ్బతింది. గెలిచిన మామూన్ బాగ్దాద్‌లో అడుగుపెట్టింది 819లో. సొంత రాజధాని మీద అబ్బాసీలే చేసిన ఈ యుద్ధం తర్వాత ఖురాసాన్ తాహిర్ అనే సేనాని వంశానికి వెళ్లిపోయింది. దూరపు ప్రాంతాలు ఒక్కొక్కటే ఇలా చేజారాయి.

చదువుల కాలం

మామూన్ (813-833) పేరు చదువులతో ముడిపడింది. అనువాదాల పని మాత్రం మన్సూర్ కాలంలోనే మొదలైంది. భారత్ నుంచి వెళ్లిన ఒక సంస్కృత ఖగోళ గ్రంథం ఆయన దర్బారులోనే అరబీలోకి వచ్చింది. ‘సిద్ధాంత’ అన్న మాట అక్కడ ‘సింద్‌హింద్’ అయింది. మామూన్ కాలంలో ఖ్వారిజ్మీ బీజగణితం మీద రాసిన పుస్తకం పేరులోని ‘అల్ జబ్ర్’ నుంచే ఆల్జీబ్రా వచ్చింది. ఆయన పేరే ‘అల్గారిథం’ అయింది. భారతీయ అంకెలతో లెక్కలు చేసే పద్ధతిని ఆయన వివరించాడు. అవే అరబ్ దేశాల మీదుగా యూరప్ చేరాయి. గ్రీకు వైద్య గ్రంథాలను అనువదించిన హునైన్ బిన్ ఇస్‌హాఖ్ క్రైస్తవుడు. ముస్లింలు, క్రైస్తవులు, యూదులు, హర్రాన్‌లోని నక్షత్ర పూజకులు ఒకే పనిలో పాలు పంచుకున్నారు. ఖర్చు ఖలీఫాలే కాదు, అధికారులు, వ్యాపారులు, వైద్యులు కూడా భరించారు.

ఇదే మామూన్ 833లో పండితుల మీద ‘మిహ్నా’ అనే పరీక్ష పెట్టాడు. ఖుర్ఆన్ సృష్టించబడిందన్న వాదాన్ని ఖాజీలు, పండితులు ఒప్పుకోవాలని బలవంతం చేశాడు. ఇమాం అహ్మద్ బిన్ హంబల్ ఒప్పుకోలేదు. తర్వాతి ఖలీఫా కాలంలో కొరడా దెబ్బలు తిన్నారు, మాట మార్చలేదు. ముతవక్కిల్ వచ్చాక ఈ పరీక్ష ఆగిపోయింది. మతంలో చివరి మాట ఖలీఫాది కాదు, పండితులదన్న అభిప్రాయం సమాజంలో దీంతో బలపడింది.

జీతగాళ్ల సైన్యం, సమర్రా

ముఅతసిం (833-842) పాత ఖురాసానీ సైన్యాన్ని నమ్మలేదు. మధ్య ఆసియా నుంచి తుర్క్ బానిస యువకులను కొని, గుర్రపు దళంగా తయారుచేశాడు. వాళ్లకు స్థానికంగా బంధువులు ఉండరు, తన మాటే వింటారన్నది ఆలోచన. బాగ్దాద్ జనానికి, వీళ్లకు గొడవలు ముదరడంతో 836లో రాజధానిని ఉత్తరాన సమర్రాకు మార్చాడు. 892 దాకా అదే రాజధాని. మెట్లు చుట్టూ తిరుగుతూ పైకి వెళ్లే అక్కడి మీనార్ ఇప్పటికీ నిలిచి ఉంది.

ఈ సైన్యం బతికేది జీతం మీదే. జీతం ఆగితే ఖలీఫానే నిలదీసేది. 861లో ముతవక్కిల్‌ను సొంత తుర్క్ కాపలాదారులే చంపారు. తర్వాతి తొమ్మిదేళ్లలో నలుగురు ఖలీఫాలు మారారు. వాళ్లలో ముఅతజ్‌ను సైనికులు 50 వేల దీనార్లు అడిగారు. ఆయన దగ్గర లేవు. తల్లి ఖబీహాను అడిగితే తన దగ్గర కూడా లేవంది. 869లో సైనికులు ఆయన్ను గద్దె దించారు, కొద్ది రోజుల్లోనే ఆయన చనిపోయాడు. తర్వాత ఆమె దాచిన పెద్ద నిధి బయటపడింది.

సవాద్ చేజారిన తీరు

అదే 869లో బస్రా చుట్టూ జంజ్ తిరుగుబాటు మొదలైంది. తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలతో ఉప్పు పేరుకున్న నేలలను తవ్వించి సాగుకు తెచ్చేవారు. ఎండలో, బురదలో, చాలీచాలని తిండితో పనిచేసిన ఆ జనం 14 ఏళ్లు పోరాడారు. 871లో బస్రాను కొల్లగొట్టారు. 883లో ముఅతజిద్ తండ్రి మువఫ్ఫఖ్ వాళ్లను ఓడించాడు. రెండు వైపులా ప్రాణ నష్టం ఘోరంగా జరిగింది. దక్షిణ సవాద్ కాలువలు, తోటలు పాడయ్యాయి. ఈలోగా ఈజిప్టు తూలూనీల చేతికి, తూర్పు ఇరాన్ సఫ్ఫారీల చేతికి వెళ్లాయి.

ముఅతజిద్ కొంత నిలబెట్టాడు. ఆయన తర్వాత ముఖ్తదిర్ (908-932) కాలంలో దర్బారు ఖర్చు ఆకాశానికి అంటింది. వజీర్ అలీ బిన్ ఈసా వేయించిన లెక్కలో ఖర్చు రాబడిని మించిపోయింది. ఆయన దుబారా తగ్గించబోతే పదవి పోయింది. దిగిపోయిన వజీర్‌ను పట్టుకుని, హింసించి, సొమ్ము కక్కించడం మామూలైపోయింది. కొత్తగా వచ్చినవాడు రేపు తనకూ అదే గతి అని తెలిసి ముందే దోచుకునేవాడు. 909లో ఉత్తర ఆఫ్రికాలో ఫాతిమీలు, 929లో కొర్దోవాలో ఉమయ్యాలు తామే ఖలీఫాలమని ప్రకటించుకున్నారు. 930లో ఖర్మతీలు మక్కాపై దాడి చేసి హజ్రె అస్వద్‌ను ఎత్తుకుపోయారు. 951లో గానీ అది తిరిగి రాలేదు.

936లో ఖలీఫా రాజీ చేతులెత్తేశాడు. ఇబ్నె రాయిఖ్ అనే గవర్నర్‌కు ‘అమీరుల్ ఉమరా’ పదవి ఇచ్చి సైన్యం, ఖజానా రెండూ అప్పగించాడు. ఆ మరుసటి ఏడాదే ప్రత్యర్థి సైన్యాన్ని ఆపడానికి ఇబ్నె రాయిఖ్ నహ్రవాన్ కాలువ కట్టను తెగగొట్టించాడు. సాసానీ రాజుల కాలం నుంచి బాగ్దాద్ తూర్పు మైదానాన్ని తడిపిన కాలువ అది. శత్రువు ఆగలేదు, పొలాలు మాత్రం నాశనమయ్యాయి.

పేరుకు ఖలీఫాలు

945లో దైలం ప్రాంతం నుంచి వచ్చిన బువైహీలు బాగ్దాద్‌ను పట్టుకున్నారు. మరుసటి ఏడాది ఖలీఫా ముస్తక్ఫీని దించి కళ్లు తీయించారు. బువైహీలు షియాలు, అయినా సున్నీ ఖలీఫాను పూర్తిగా తీసేయలేదు. ఆయన పేరు ఖుత్బాలో వినిపించింది, నాణెం మీద కనిపించింది. ఆయన బతికింది మాత్రం బువైహీలు ఇచ్చే భత్యం మీద.

సైన్యానికి నగదు ఇవ్వలేక బువైహీలు భూముల రాబడినే అప్పగించారు. దీన్ని ‘ఇఖ్తా’ అంటారు. ఆ కాలంలోనే ఉద్యోగం చేసిన చరిత్రకారుడు మిస్కవైహ్ దీని ఫలితం రాశాడు. సైనికుడు భూమిని పిండుకుంటాడు, కాలువ బాగు చేయించడు, పాడయ్యాక వదిలేసి ఇంకో భూమి అడుగుతాడు. గుత్తేదార్ల గురించి అబూ యూసుఫ్ 150 ఏళ్ల ముందు హెచ్చరించింది ఇంకో రూపంలో జరిగింది. బువైహీల్లో అజుదుద్దౌలా (978-983) ఒక్కడు కాలువలు బాగుచేయించాడు, బాగ్దాద్‌లో పెద్ద ఆసుపత్రి కట్టించాడు.

1055లో సల్జూక్ తుర్కులు బువైహీలను తరిమేశారు. వాళ్ల వజీర్ నిజాముల్ ముల్క్ 1067లో బాగ్దాద్‌లో నిజామియా మదర్సా తెరిచాడు. ఇమాం గజాలీ 1091 నుంచి నాలుగేళ్లు అక్కడ బోధించారు. సల్జూక్‌లు బలహీనపడ్డాక ఖలీఫా నాసిర్ (1180-1225) ఇరాక్‌లో మళ్లీ సొంత పాలన నిలబెట్టాడు. ముస్తన్సిర్ కట్టించిన ముస్తన్సిరియాలో నాలుగు సున్నీ మజ్హబ్‌లూ ఒకే చోట నేర్పేవారు. 1229లో ఢిల్లీ సుల్తాన్ ఇల్తుత్మిష్‌కు గుర్తింపు పత్రం, అంగీ పంపింది ఈ ఖలీఫానే.

1258

1258 జనవరి చివర హులాగూ సైన్యం బాగ్దాద్‌ను చుట్టుముట్టింది. గోడలు కూల్చే యంత్రాలతో చైనా నిపుణులు, జార్జియా, ఆర్మీనియా సైనికులు కూడా వెంట ఉన్నారు. ఫిబ్రవరి 10న ఖలీఫా ముస్తఅసిం లొంగిపోయాడు. పది రోజుల తర్వాత ఆయన్ను చంపేశారు. నగరంలో ఊచకోత జరిగింది. గ్రంథాలయాలు నాశనమయ్యాయి. కొన్ని పుస్తకాలను హులాగూ కొలువులో ఉన్న నసీరుద్దీన్ తూసీ మరాగా వేధశాలకు చేర్చాడు.

హులాగూ చేసిన దారుణాన్ని తక్కువ చేసి చూపాల్సిన పని లేదు. అయితే ఆ రోజు ఖలీఫా చేతిలో ఉన్నది సామ్రాజ్యం కాదు, ఇరాక్‌లో ఒక భాగం. సాయానికి పిలిస్తే రావడానికి ఖురాసాన్ లేదు, ఈజిప్టు లేదు. రెండేళ్లకే, 1260లో, అయిన్ జాలూత్ దగ్గర మంగోలులను ఓడించింది ఈజిప్టు మమ్లూక్‌లు. 1261 నుంచి 1517 వరకు కైరోలో అబ్బాసీ వంశస్థులు ఖలీఫా పేరుతో కొనసాగారు, అధికారం మాత్రం మమ్లూక్ సుల్తాన్లది. ఢిల్లీ నాణేల మీద చనిపోయిన ముస్తఅసిం పేరు ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు వచ్చింది.

తెలుగు నేల దాకా వచ్చిన మాటలు

అబ్బాసీలు ఏనాడూ దక్కన్‌ను ఏలలేదు. కానీ వాళ్ల దివాన్లలో స్థిరపడిన పాలనా పద్ధతి, దాని మాటలు పర్షియన్ ద్వారా ఢిల్లీకి, బహమనీలకు, కుతుబ్‌షాహీలకు, మొఘలులకు, అసఫ్‌జాహీలకు చేరాయి. అక్కడి నుంచి అవి మతంతో సంబంధం లేకుండా తెలుగువాళ్లందరి మాటలయ్యాయి. దివాణం, ఖజానా, వసూలు, బాకీ, జప్తు, హక్కు, తహశీలు, ఖరీఫ్, రబీ ఆ దారిలో వచ్చినవే. ‘రైతు’ కూడా ‘రఅయ్యత్’ అన్న అరబీ మాట నుంచే వచ్చింది. పాలకుడు కాపాడాల్సిన ప్రజలు అని దాని అర్థం.

ఫసలీ సంవత్సరం కూడా అలాంటిదే. ‘ఫసల్’ అంటే పంట కాలం. ముఅతజిద్ ఎదుర్కొన్న చిక్కే అక్బర్ కాలంలో మళ్లీ వచ్చింది. చంద్రమానంతో పంట శిస్తు కుదరక సౌరమానంతో నడిచే ఫసలీని వాడుకలోకి తెచ్చారు. ఆంధ్ర, తెలంగాణ రెవెన్యూ రికార్డుల్లో ఇప్పటికీ ఫసలీ జులై 1న మొదలవుతుంది. పహాణీలో ఆ అంకె చూసినప్పుడు పిల్లలు అదేమిటని అడిగితే, చెప్పడానికి వెయ్యేళ్ల కథ ఉంది.

ముఖ్యమైన తేదీలు

750: జాబ్ యుద్ధం, ఉమయ్యాల పతనం
762: బాగ్దాద్‌కు పునాది
786-809: హారూన్ అల్ రషీద్ పాలన
811-813: అమీన్, మామూన్‌ల యుద్ధం
836: రాజధాని సమర్రాకు మార్పు
869-883: జంజ్ తిరుగుబాటు
936: సైన్యం, ఖజానా అమీరుల్ ఉమరా చేతికి
945: బాగ్దాద్‌లో బువైహీలు
1055: సల్జూక్‌ల రాక
1258: బాగ్దాద్ పతనం

ఈ తేదీల్లో 1258 ఒక్కటే అందరి నోటా వినిపిస్తుంది. చరిత్ర చదివే పిల్లలు 936 కూడా గుర్తుపెట్టుకోవాలి. బయటి శత్రువు గోడలు కూల్చింది 1258లో. రైతును వదిలేసి, అన్నదమ్ములు కొట్టుకుని, లెక్క చెప్పే అధికారిని దించేసి, నీళ్లిచ్చే కాలువను సొంత చేతులతో తెగ్గొట్టుకున్నది అంతకు ముందే.